ఎంబీఏ ఫైనాన్స్ చేయాలనుకుంటున్నారా? కాలేజీ పేరు అడిగే ముందు ఇవి తేల్చుకోండి

ప్రతి ఏడాదీ ఐసెట్ ఫలితాలు రాగానే నా ఫోన్ మోగడం మొదలవుతుంది. మా పిన్ని కొడుకు, మా ఆవిడ తరఫు చుట్టాలమ్మాయి, పాత ఆఫీసులో పనిచేసినాయన కొడుకు, అందరిదీ ఒకటే ప్రశ్న: "అన్నా, బ్యాంకు జాబ్ కోసం ఎంబీఏ ఫైనాన్స్ చేద్దామనుకుంటున్నా, ఏ కాలేజీ మంచిది?" నేను తిరిగి అడిగేదీ ఒకటే: "బ్యాంకులో ఏ జాబ్?" చాలామంది అక్కడే ఆగిపోతారు. తప్పు వాళ్లది కాదు, నేనూ అలాగే చేరాను, రెండో ఏడాది సగంలోకి వచ్చాక గానీ క్రెడిట్ అంటే ఏంటో, సేల్స్ అంటే ఏంటో నాకు తెలియలేదు. అందుకే ఫోన్లో పదిసార్లు చెప్పేదంతా ఇక్కడ ఒకచోట రాసేస్తున్నా. వరుస మార్చకండి, పరీక్షల వారీగా కాలేజీల ఎంపిక నాలుగో మెట్టులో గానీ రాదు.

1. ముందు ఏ కుర్చీలో కూర్చోవాలో తేల్చుకోండి

మన ఇళ్లలో బ్యాంకు ఉద్యోగం అంటే ఇప్పటికీ కళ్లముందు మెదిలేది ఆంధ్రా బ్యాంకు కౌంటరే. 1923లో పట్టాభి సీతారామయ్య గారు బందరులో పెట్టిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, బోర్డులు మారాయి, కానీ "మావాడు బ్యాంకులో ఆఫీసరు" అన్న మాట విలువ మాత్రం తగ్గలేదు. మీకు కావాల్సింది అదే అయితే, అంటే ప్రభుత్వ బ్యాంకులో పీవో (ప్రొబేషనరీ ఆఫీసర్) అయితే, దానికి ఎంబీఏ అక్కర్లేదు. ఏ డిగ్రీ అయినా చాలు, ప్రభుత్వ బ్యాంకుల ఉమ్మడి పరీక్ష ఐబీపీఎస్ పీవోకి వయసు 20 నుంచి 30, ఎస్‌బీఐకి 21 నుంచి 30. ఎంబీఏలో చేరి రెండేళ్లు అసైన్‌మెంట్లూ ప్రాజెక్టులూ చేస్తూ ప్రిలిమ్స్‌కి చదవలేక, బయటికొచ్చాక మళ్లీ అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో కోచింగ్‌లో చేరినవాళ్లు నాకు చాలామంది తెలుసు. పీవో కావాలంటే ఇప్పుడే కోచింగ్‌లో కూర్చోండి, ఆ ఫీజు మిగుల్చుకోండి. ఇది చదివి ఇక్కడితో ఆపేసినా నాకు సంతోషమే.

ఎంబీఏ నిజంగా పనికొచ్చే చోట్లు వేరే ఉన్నాయి.

స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీలో గ్రేడ్ ఏ ఆఫీసర్ జనరల్ స్ట్రీమ్‌కి ఏదైనా పీజీ గానీ, లా లేదా ఇంజినీరింగ్ డిగ్రీ గానీ, సీఏ లాంటిది గానీ ఉండాలి, ఉట్టి బీకాంతో అప్లై చేయలేరు. ఆర్‌బీఐ గ్రేడ్ బీకి జనరల్ కేటగిరీలో డిగ్రీలో 60 శాతం ఉండాలి, లేదంటే పీజీలో 55. బీకాంలో 57 దగ్గర ఆగిపోయినవాళ్లకి పీజీ ఒక్కటే దారి, పైగా అందులో రెండో దశ పరీక్షలో ఫైనాన్స్ అండ్ మేనేజ్‌మెంట్ అని ఒక పేపరే ఉంది కాబట్టి చదివింది వృథా పోదు.

ప్రభుత్వ బ్యాంకులు విడిగా వేసే స్పెషలిస్ట్ ఆఫీసర్ నోటిఫికేషన్లు ఇంకో దారి. ఎస్‌బీఐ క్రెడిట్ అనలిస్ట్ లాంటి పోస్టులకి ఎంబీఏ ఫైనాన్స్ వాళ్లని గానీ, సీఏ, సీఎఫ్‌ఏ, సీఎంఏ లాంటి ప్రొఫెషనల్ కోర్సులు చేసినవాళ్లని గానీ అడుగుతారు. ఇక్కడ చిన్న అక్షరాల్లో ఉండే నియమం ఒకటి చాలామంది కొంప ముంచుతోంది. ఐబీపీఎస్ స్పెషలిస్ట్ నోటిఫికేషన్లు తీసి చూడండి: రెండు స్పెషలైజేషన్లు ఉంటే ఒకటి వాళ్లు అడిగినదై ఉండాలి, మేజర్-మైనర్ పద్ధతైతే మేజరే అదై ఉండాలి, రెండుకు మించి స్పెషలైజేషన్లుంటే అసలు అర్హతే లేదు. కాలేజీ వాళ్లు గొప్పగా చెప్పుకునే "ట్రిపుల్ స్పెషలైజేషన్" ఇక్కడ మెడకి చుట్టుకుంటుంది. ఆ నోటిఫికేషన్లలో రెండేళ్ల ఫుల్‌టైమ్ కోర్సు అని కూడా ఉంటుంది, ఆన్‌లైన్ ఎంబీఏ మీద ఆశ పెట్టుకునేవాళ్లు ఆ మాట కింద గీత గీసుకోండి.

ఇక ప్రైవేటు బ్యాంకులు. క్యాంపస్‌కి వచ్చి "రిలేషన్‌షిప్ మేనేజర్" అని ఆఫర్ లెటర్ ఇస్తారు. పేరు వినడానికి బాగుంటుంది, పని మాత్రం అకౌంట్లు తెరిపించడం, డిపాజిట్లు తేవడం, ఇన్సూరెన్స్ పాలసీలు అమ్మడం, నెలాఖరుకి టార్గెట్ టెన్షన్. సేల్స్ తక్కువ పని అని నేననను, నోరున్నవాళ్లు అందులోనే త్వరగా పైకొస్తారు. కాకపోతే మీరు బ్యాలెన్స్ షీట్లు చదివే పని అనుకుని అందులోకి దిగితే ఆరు నెలల్లో ఏడుస్తూ ఇంటికి ఫోన్ చేస్తారు. అదే బ్యాంకులో క్రెడిట్ అంటే అప్పు అడిగిన వ్యాపారి లెక్కలు చూసి ఇవ్వొచ్చా లేదా, ఎంతివ్వొచ్చు అని చెప్పే పని. రిస్క్ (ఎక్కడ నష్టం రావొచ్చో లెక్కగట్టే పని), ట్రెజరీ (బ్యాంకు సొంత డబ్బు, పెట్టుబడులు చూసే పని) వేరే. ఫ్రెషర్లకి ఈ మూడింట్లో సీట్లు సేల్స్ కంటే బాగా తక్కువ.

మన హైదరాబాద్‌కి ఉన్న అనుకూలత ఇంకొకటి. జేపీ మోర్గాన్, వెల్స్ ఫార్గో, హెచ్‌ఎస్‌బీసీ, గోల్డ్‌మన్ శాక్స్ లాంటి విదేశీ బ్యాంకుల కేంద్రాలు రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా పరుచుకుని ఉన్నాయి. కేవైసీ (ఖాతాదారు ఎవరో సరిచూడటం), మనీ లాండరింగ్ తనిఖీలు, రికన్సిలియేషన్ (రెండు చోట్ల లెక్కలు సరిపోల్చడం), ఫండ్ అకౌంటింగ్ లాంటి పనులు ఎక్కువ, పై మెట్టులో రిస్క్ మోడలింగ్, క్రెడిట్ రీసెర్చ్. కింది మెట్టుకి బీకాం వాళ్లనే తీసుకుంటారు, కాబట్టి ఎంబీఏ చేసి అదే కుర్చీలో కూర్చుంటే రెండేళ్లు పోగొట్టుకున్నట్టే, పై మెట్టుకి ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లో వివరాలు వెతికే భాష), ఇంగ్లీషులో మాట్లాడ్డం మూడూ ఉండాలి.

ముంబైలో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్, ఈక్విటీ రీసెర్చ్ లాంటివి కావాలంటే సూటిగా చెప్తా, అవి కొద్దిపాటి కాలేజీలకే వస్తాయి, అక్కడ కూడా సీఏలతో పోటీ పడాలి.

2. రెండు గంటల పరీక్ష పెట్టుకోండి

డబ్బు ఖర్చు లేని పని. డాక్టర్ రెడ్డీస్ గానీ, హెరిటేజ్ ఫుడ్స్ గానీ, మీకు పేరు తెలిసిన ఏదైనా కంపెనీ యాన్యువల్ రిపోర్టు వాళ్ల సైట్లో నుంచి దింపుకోండి. బ్యాలెన్స్ షీట్, లాభనష్టాలు, క్యాష్ ఫ్లో, ఈ మూడూ తెరిచి, లాభం వచ్చిందంటున్నారు కదా మరి చేతికి డబ్బు ఎందుకు తక్కువొచ్చింది అన్న ఒక్క ప్రశ్నకి జవాబు వెతకండి. దొరక్కపోయినా పర్లేదు. రెండు గంటలు కూర్చోగలిగారా, మధ్యలో ఎన్నిసార్లు ఫోన్ చూశారు, అదే పరీక్ష. కుతూహలం పుడితే ఫైనాన్స్ మీది. నిద్రొస్తే హెచ్‌ఆర్, మార్కెటింగ్, ఆపరేషన్స్ ఉన్నాయి, ఎవరో చెప్పారని ఫైనాన్స్ తీసుకోకండి.

3. కాగితం మీద ఏం పేరుంటుందో చూడండి

ఎంబీఏ అంటే యూనివర్సిటీ ఇచ్చే డిగ్రీ. పీజీడీఎం అంటే స్వతంత్ర సంస్థ ఇచ్చే డిప్లొమా, దానికి సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ అనుమతి తప్పనిసరి. దాన్ని ఎంబీఏతో సమానమని ఏఐయూ (యూనివర్సిటీల సంఘం) గుర్తించిందో లేదో కూడా చూసుకోవాలి, పీహెచ్‌డీకి, కొన్ని ప్రభుత్వ ఉద్యోగాలకి అడుగుతారు. ఉద్యోగాల్లో మాత్రం పీజీడీఎం అని ఎవరూ చిన్నచూపు చూడరు, 2017 చట్టం వచ్చేదాకా ఐఐఎంలు ఇచ్చిందీ డిప్లొమాలే.

మన రాష్ట్రాల్లో ఉస్మానియాకో జేఎన్‌టీయూకో ఆంధ్రా యూనివర్సిటీకో అనుబంధంగా ఉన్న కాలేజీలో చేరితే మీరు చేరేది మామూలు ఎంబీఏలో. ఫైనాన్స్ అన్నది రెండో ఏడాదిలో తీసుకునే ఎలెక్టివ్‌ల మాట. కొన్ని కాలేజీల్లో ఫైనాన్స్‌కి పిల్లలు సరిపోక, లేదా చెప్పేవాళ్లు లేక, ఎలెక్టివ్ పేరుకి ఉండి క్లాసు నడవదు. ఇది చేరకముందే అడగాల్సిన విషయం.

పూర్తిగా బ్యాంకింగ్ మీదే ఉండే కోర్సులు కావాలంటే రాష్ట్రం దాటి కూడా చూడండి. పుణెలో ఎన్ఐబీఎం ఉంది, 1969లో ఆర్‌బీఐ చొరవతో బ్యాంకు ఆఫీసర్ల శిక్షణకి మొదలైన సంస్థ, బ్యాంకింగ్ అండ్ ఫైనాన్షియల్ సర్వీసెస్‌లో పీజీడీఎం నడుపుతుంది. స్టాక్ మార్కెట్ల వైపు మనసుంటే సెబీ పెట్టిన ఎన్ఐఎస్‌ఎం, ముంబై దగ్గర పాతాళగంగలో. పాండిచ్చేరి సెంట్రల్ యూనివర్సిటీలో బ్యాంకింగ్ టెక్నాలజీకి ఒక విభాగమే ఉంది, బీటెక్ చేసినవాళ్లు దాని వైపు ఓ చూపు వేయండి. హైదరాబాద్‌లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ ఎంటర్‌ప్రైజ్‌లో బ్యాంకింగ్, ఇన్సూరెన్స్ మీద పీజీడీఎం ఉంది. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం కూడా మన ఊళ్లోనే కాబట్టి ఆ రంగాన్ని తక్కువగా తీసెయ్యకండి.

ఇప్పటికే బ్యాంకులో పనిచేస్తున్నవాళ్లకి నా మాట వేరు. బ్యాంకు ఉద్యోగుల కోసమే ఉన్న పరీక్షలు, ముందు జేఏఐఐబీ, తర్వాత సీఏఐఐబీ పూర్తి చేయండి, ఖర్చు తక్కువ, ఇంక్రిమెంట్లొస్తాయి. ఎంబీఏ అంతగా కావాలంటే ఆన్‌లైన్‌లోనో దూరవిద్యలోనో చేయొచ్చు, యూజీసీ అనుమతించిన జాబితాలో ఆ యూనివర్సిటీ, ఆ కోర్సు, ఆ ఏడాదికి ఉందో లేదో చూసుకుని.

అమెరికాలో ఎంఎస్ ఫైనాన్స్ అనుకునేవాళ్లకి ఒక్క మాట: యూనివర్సిటీ వీసా కోసం ఇచ్చే ఐ-20 కాగితంలో కోర్సు కోడ్ చూడండి. 52.0801 అని ఉంటే మామూలు ఫైనాన్స్, చదువయ్యాక ఓపీటీ, అంటే అక్కడే ఉద్యోగం చేసుకునే అనుమతి, ఒక్క ఏడాదే. 27.0305, అంటే ఫైనాన్షియల్ మ్యాథమెటిక్స్ అయితే స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కిందికి వస్తుంది, ఇంకో 24 నెలలు కలుస్తాయి. లక్షల అప్పు తీర్చాల్సిన ఇంటికి ఈ తేడా చిన్నది కాదు.

4. ఇప్పుడు కాలేజీలు, పరీక్షల వారీగా

ఐసెట్ సులువు. 200 ప్రశ్నలు, 150 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు, జనరల్ వాళ్లకి 50 మార్కులొస్తే అర్హత. అంత సులువు కాబట్టే ర్యాంకు వచ్చిందన్న సంతోషంలో కొట్టుకుపోకూడదు. ఐసెట్‌తో వెళ్లదగ్గ మంచి చోట్లు యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీలు, ఆ తర్వాత కొద్దిపాటి ప్రైవేటు కాలేజీలు. ఆప్షన్లు పెట్టేటప్పుడు క్యాంపస్ కాలేజీలన్నీ పైన పెట్టండి. ఇంటికి దగ్గరని కాలేజీ ఎంచుకునే అలవాటు ఇంటర్‌తో ఆపేయాలి.

ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ రాసినవాళ్లకి దారి పెద్దది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఎంబీఏకి క్యాట్ స్కోరే చూస్తారు, అక్కడ ఫీజుకీ చదువుకీ పొంతన చూస్తే మన రాష్ట్రాల్లో నాకు అంతకంటే నచ్చిన చోటు లేదు. విశాఖలో ఐఐఎం 2015 నుంచి ఉంది. శ్రీసిటీలోని క్రియా యూనివర్సిటీలో ఐఎఫ్‌ఎంఆర్ ఉంది, మొదట్నుంచీ ఫైనాన్స్‌కి పేరున్న బడి. ఆశ్రమం క్రమశిక్షణ తట్టుకోగలమంటే పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి యూనివర్సిటీ, ట్యూషన్ ఫీజే ఉండదు. హైదరాబాద్ ఐఎస్‌బీ ఒక్క ఏడాది కోర్సు ఉద్యోగానుభవం ఉన్నవాళ్లకి, ఇప్పుడే డిగ్రీ అయినవాళ్లు దాన్ని పక్కన పెట్టండి.

క్యాట్ నవంబర్ చివర్లో, అలాంటిదే ఇంకో ప్రవేశ పరీక్ష ఎక్స్‌ఏటీ జనవరి మొదట్లో జరుగుతాయి. అంటే డిగ్రీ ఆఖరి ఏడాది మొదలయ్యే జూన్‌లోనే చదువు మొదలుపెట్టాలి. ఐసెట్ రాశాక మేల్కొంటే ఈ తలుపులన్నీ అప్పటికే మూసుకుపోయి ఉంటాయి. అలా అయితే ఒక ఏడాది ఆగి, చిన్నదో పెద్దదో ఉద్యోగం చేస్తూ క్యాట్ రాయడం తప్పేమీ కాదు. "గ్యాప్ వస్తుంది" అని ఇంట్లో భయపడతారు. ఉద్యోగం చేస్తూ వచ్చిన గ్యాప్‌ని ఇంటర్వ్యూలో ఎవరూ తప్పుపట్టరు, అనుభవమని లెక్కేస్తారు.

5. ప్లేస్‌మెంట్ బ్రోచర్ పక్కన పడేసి, ఎన్ఐఆర్‌ఎఫ్ కాగితం తీయండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. కేంద్ర ప్రభుత్వ ర్యాంకింగ్ ఎన్ఐఆర్‌ఎఫ్‌లో పాల్గొనే కాలేజీలు తమ లెక్కలు సమర్పించాలి, ఆ సమర్పించిన కాగితాన్ని తమ సైట్లోనూ పెట్టాలి. కాలేజీ పేరు పక్కన ఎన్ఐఆర్‌ఎఫ్ అని కొట్టి వెతకండి, పీడీఎఫ్ దొరుకుతుంది. అందులో రెండేళ్ల పీజీ అన్న పట్టిక ఉంటుంది: ఆ బ్యాచ్‌లో ఎందరు చేరారు, ఎందరు సమయానికి పాసయ్యారు, ఎందరికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ల మీడియన్ జీతం ఎంత.

మీడియన్ అంటే ఏంటంటారా? ఉద్యోగం వచ్చినవాళ్లందరినీ జీతం ప్రకారం వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో నిలబడ్డవాడి జీతం. యావరేజ్ వేరు, ఒక్కడికి ముప్పై లక్షలొస్తే పక్కనున్న పదిమంది యావరేజ్ కూడా పెరిగిపోతుంది, వాళ్ల జేబులు మాత్రం అలాగే ఉంటాయి. బ్రోచర్లో "హయ్యెస్ట్ ప్యాకేజ్" ఫొటో ఎంత పెద్దగా ఉంటే మీడియన్ అంత దాచిపెట్టారని నా అనుమానం.

ఉదాహరణకి ఒక కాలేజీ కాగితంలో చేరినవాళ్లు 120, పాసైనవాళ్లు 108, ఉద్యోగాలొచ్చినవాళ్లు 60, మీడియన్ మూడున్నర లక్షలు అని ఉందనుకోండి. అంటే చేరిన ఇద్దరిలో ఒకరికి ఉద్యోగం వచ్చింది, ఆ వచ్చినవాళ్లలో కూడా సగం మందికి మూడున్నర లక్షలు, లేదా అంతకంటే తక్కువే. బ్రోచర్లో ఇదే కాలేజీ "100% ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్" అని రాసుకోవచ్చు, అది అబద్ధం కూడా కాదు, అసిస్టెన్స్ అందరికీ ఇచ్చారు మరి! ఆ పీడీఎఫ్‌లు వరుసగా మూడేళ్లవి చూడండి, ఒక్క ఏడాది మంచిదై ఉండొచ్చు. కాలేజీ ఎన్ఐఆర్‌ఎఫ్‌కి అసలు వెళ్లకపోతే అడ్మిషన్ ఆఫీసులో ఇవే నాలుగు అంకెలు కాగితం మీద అడగండి. నోటితో చెప్తామంటే లేచి వచ్చేయండి.

6. సీనియర్‌తో మాట్లాడండి, ఆఫీసు వాళ్లు చూపించిన సీనియర్‌తో కాదు

లింక్డ్‌ఇన్‌లో కాలేజీ పేరు కొట్టి, రెండేళ్ల కిందట ఫైనాన్స్‌లో బయటికొచ్చినవాళ్లని మీరే వెతకండి. ఇప్పుడు ఏం చేస్తున్నారో వాళ్ల ప్రొఫైళ్లే సగం చెప్తాయి. ఒక పదిమందికి మెసేజ్ పెడితే ఇద్దరైనా జవాబిస్తారు. "కాలేజీ ఎలా ఉంది" అని అడక్కండి, "బానే ఉంది" అంటారు. ఫైనాన్స్ చెప్పేవాళ్లు ఎంతమంది, వాళ్లలో బ్యాంకులోనో కంపెనీలోనో పనిచేసి వచ్చినవాళ్లు ఎవరు, మీ బ్యాచ్‌లో క్రెడిట్‌లోకి ఎంతమంది వెళ్లారు, సేల్స్‌లోకి ఎంతమంది, సమ్మర్ ప్రాజెక్టు నిజంగా చేశారా లేక జిరాక్స్ షాపులో కొన్నారా, ఇవి అడగండి. ఆఖరిది అడగడానికి మొహమాటపడకండి, నవ్వుతూ నిజం చెప్పేస్తారు.

నాకో పిచ్చి అలవాటుంది. ఏ ఫైనాన్స్ స్టూడెంట్ కలిసినా, ఏడాదికి కోటి రూపాయల అమ్మకాలు ఉంటాయని చెప్పే చిన్న వ్యాపారికి బ్యాంకు వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారం నడవడానికి అప్పు) ఎంతివ్వొచ్చు అని అడుగుతా. నాయక్ కమిటీ పద్ధతిలో అంచనా అమ్మకాల్లో 20 శాతం, అంటే ఇరవై లక్షలు. బ్యాంకుల్లో రోజూ వాడే లెక్క ఇది. రెండో ఏడాది చదువుతున్నవాడు దీని పేరైనా విని ఉండకపోతే ఆ కాలేజీలో బ్యాంకింగ్ పేపర్ ఎలా చెప్తున్నారో నాకు అర్థమైపోతుంది. సిలబస్ కాగితం చూసేటప్పుడు కూడా అంతే, "బ్యాంకింగ్ సూత్రాలు, బ్యాంకుల చరిత్ర" దగ్గర ఆగిపోయిందా, లేక క్రెడిట్ అప్రైజల్, బాండ్లు, డెరివేటివ్స్, బాసెల్ నియమాలు (బ్యాంకులు ఎంత మూలధనం ఉంచుకోవాలో చెప్పేవి), ఎక్సెల్‌లో మోడలింగ్ దాకా వెళ్లిందా చూడండి.

7. అప్పు లెక్క వేయండి, అమ్మానాన్నల ముందు కూర్చుని

పది లక్షల లోన్, 10.5 శాతం వడ్డీ అనుకుందాం. మొదటి ఏడాది ఐదు లక్షలు, రెండో ఏడాది ఐదు లక్షలు తీసుకున్నారు. చదువు రెండేళ్లు, ఆ పైన ఒక ఏడాది వాయిదాలు కట్టక్కర్లేదు, కానీ వడ్డీ ఆగదు. ఆ మూడేళ్లలో వడ్డీయే దాదాపు రెండు లక్షల అరవై వేలు. అదీ అసల్లో కలిపి ఏడేళ్లలో తీరుస్తానంటే నెలకి 21,300 దాకా కట్టాలి. వడ్డీ ఎప్పటికప్పుడు కట్టుకుంటూ వచ్చుంటే 16,900 లోపే. ఇప్పుడు ఐదో మెట్టులో చూసిన మీడియన్ జీతం తీసి పక్కన పెట్టండి. మూడున్నర లక్షల ప్యాకేజీలో చేతికొచ్చేది పాతిక వేల చిల్లర, కొన్ని చోట్ల అంతకంటే తక్కువ. హాస్టల్, తిండి, బస్ పాస్ పోగా ఏం మిగులుతుందో మీకే తెలుస్తుంది. నా లెక్క మొరటుది: మొత్తం ఖర్చు ఆ కాలేజీ మీడియన్ ఏడాది జీతాన్ని బాగా మించిపోతే వద్దు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఆధారపడేవాళ్లు ఆ ఏడాది జీవో, మీ కేటగిరీ, ఆదాయ పరిమితి చూసుకుని, కాలేజీ అసలు ఫీజుకీ ప్రభుత్వం ఇచ్చేదానికీ మధ్య తేడా ఎవరు కట్టాలో ముందే అడగండి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే అది రాదు, "మేం చూసుకుంటాం" అన్న కన్సల్టెంట్ మాట నమ్మకండి. లోన్‌కి ముందు కేంద్ర ప్రభుత్వ విద్యారుణ పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో మీ కాలేజీ ఉందేమో చూడండి, ఉంటే తాకట్టు, హామీ లేకుండా ఇస్తారు, ఇంటి ఆదాయం ఎనిమిది లక్షల లోపుంటే పది లక్షల వరకు అప్పు మీద వడ్డీలో 3 శాతం రాయితీ కూడా ఉంది.

8. చేరే రోజు

సర్టిఫికెట్లు చూపించండి, జిరాక్సులు ఇవ్వండి. ఒరిజినల్స్ కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ రెండూ చెప్పాయి. నేను చేరిన చోట "ఫార్మాలిటీ" అని తీసుకుని బీరువాలో పెట్టారు, వేరే చోట సీటొచ్చిన నా స్నేహితుడు వాటి కోసం రెండు వారాలు తిరిగి, అక్కడి చేరిక గడువు దాటబెట్టుకున్నాడు. తప్పనిసరై ఇవ్వాల్సి వస్తే ఏమేం ఇచ్చారో పేరుపేరునా రాయించి, సంతకం, స్టాంపు వేసిన రసీదు తీసుకోండి. కట్టే ప్రతి రూపాయికీ అంతే, "డొనేషన్" అని చేతికి అడిగితే రసీదు అడగండి, ఇవ్వనంటే ఆ డబ్బు జేబులోంచి తీయకండి.